బడిలోని గాదె

విస్సన్నపేట, నూజివీడునుండి తిరువూరునకు పోవు దారిలోని ఊరు. 2022వ సంవత్సరమున ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. అచ్చటి యొక ఉన్నత పాఠశాలలో ముప్పది కంప్యూటర్లును, వాని కన్నింటికి కలిపి ఒకే యొక ఇంటర్నెట్టు తీగయు ఉన్నవనుకొందము. భూగోళ పాఠము జరుగుచున్నది. కృష్ణానది పటమును తెరువుడని ఉపాధ్యాయుడు చెప్పగానే ముప్పదిమందియు నొక్కసారిగా మీట నొక్కిరి. పటము పరిమాణము రెండు మెగాబైట్లు. తీగ సెకనుకు రెండు మెగాబిట్లు మాత్రమే తేగలదు. ఒక్క పటము ఎనిమిది సెకన్లలో వచ్చును. అదే పటము ముప్పది మారులు రావలెనన్నచో నాలుగు నిమిషములు పట్టును. ఎనుబదవ తరగతి కాదుగదా, ఎనిమిదవ తరగతి పిల్లలు! నాలుగు నిమిషములు ఊరకుందురా?

దప్పిక గొన్నవారెల్ల చెరువునకు పరుగెత్తరు. ఒకరు తెచ్చి కడవ నింపియుంచిన, ఇంటిల్లిపాదియు త్రాగుదురు. బడిలోను అట్టి కడవ నొకదానిని పెట్టవచ్చును. దానినే ప్రాక్సీ యందురు. అనగా ఒకరికి మారుగా నిలుచునది. గదిమూల నొక పాత కంప్యూటరు నుంచి, తక్కిన యంత్రములన్నియు దానినే అడుగునట్లు ఏర్పరుతురు. అడిగినది తనయొద్ద నున్న వెంటనే ఇచ్చును. లేకున్న బయటినుండి తెచ్చియిచ్చి, ప్రతి నొకటి దాచుకొనును. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున 1994 నాటికే ఈ పద్ధతి అమలులో నుండెను. 1996లో అమెరికాలో వెలువడిన స్క్విడ్ అను సాఫ్ట్‌వేరు నేటికిని దీనికి ఉపయోగపడుచున్నది. పది చేతుల సముద్రజీవి పేరది. వెల లేదు, దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును.

గాదె నిండినపుడు, చాలకాలముగా నెవ్వరును అడుగని దానిని తీసివేసి చోటు చేసికొనును. దాచిన సరుకు పాతబడుట మాత్రము పెద్ద చిక్కు. పరీక్షా ఫలితముల పుటను నిన్నటిదే చూపినచో ఎంత అనర్థము! అందుచేత పుటలు పెక్కు తాము ఎంతకాలము నిలువదగునో తెలుపుచు వచ్చును. గడువు తీరగా ప్రాక్సీ మూలస్థానమును "మారినదా?" అని విచారించును. మారకున్న 304 అను సంఖ్య మాత్రము జవాబుగా వచ్చును. పుటనంతయు మరల మోయనక్కరలేదు.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని నేడు వెబ్ పుటలలో పెక్కు లక్కముద్ర వేసిన ఉత్తరములవలె వచ్చుచున్నవి. ఆ ముద్రకు కావలసిన ధ్రువపత్రములను 2015నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచితముగ నిచ్చుటచే, చిన్న చిన్న వెబ్‌సైట్లకును అది సులభమైనది. ముద్ర లోపలనేమున్నదో ప్రాక్సీకి తెలియదు. తెలియని దానిని దాచి పంచిపెట్టలేదు.

ముద్ర విప్పుటకును ఉపాయము కలదు. బడివారు తమ సొంత ధ్రువపత్రము నొకదానిని యంత్రములన్నిటిలో నెక్కించినచో, ప్రాక్సీ ప్రతి యుత్తరమును విప్పి, చదివి, తిరిగి ముద్రవేసి పంపగలదు. తీగకు కొంత భారము తగ్గును. అయితే పటములతోపాటు పిల్లల పాస్‌వర్డులును, ఉపకారవేతనపు దరఖాస్తులును, ఇంటికి వ్రాసిన మాటలును ఆ మూలనున్న యంత్రమునకు తెలిసిపోవును. ఎనిమిది సెకన్లకు ఇది మిక్కిలి హెచ్చు వెల. విప్పకున్నను, ఏ యంత్రము ఏ వెబ్‌సైటును అడిగెనో ప్రాక్సీ తన దినచర్యలో వ్రాసికొనుచునే యుండును. దానిని ఎవరు చూడవచ్చును, ఎన్నినాళ్ళకు చెరిపివేయవలెను అన్నది యంత్రము పెట్టుటకు ముందే నిర్ణయింపదగిన విషయము.

ముద్ర విప్పకయే గాదె నింపు మార్గములు లేకపోలేదు. లినక్స్ యంత్రములకు వలయు సవరణలు పెక్కు ముద్ర లేకయే వచ్చును. తయారుచేసినవారి సంతకము వానిపై నుండును గనుక, దారిలో నెవరు మార్చినను బయటపడును. వానిని నిశ్చింతగా దాచవచ్చును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అను సాఫ్ట్‌వేరు సాయమున బడిలోనే నిలువచేయవచ్చును. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయమును స్థాపించినవారును చదువరికి చేరువలో పుస్తకముంచవలెననియే గదా తలచిరి.

ఇక కృష్ణానది పటము. ఉపాధ్యాయుడు దానిని ముందునాటి సాయంకాలమే ఒక్కమారు తెప్పించి బడి యంత్రములో నుంచెను. మరునాడు ముప్పది తెరలపై నది ఒక్కసారిగా కనబడినది. బయటి తీగ ఖాళీగానున్నది. పాఠము ముగిసిన పిదప, చివరి బల్లకడ కూర్చున్న బాలిక, దూరదేశముననున్న తండ్రికి వ్రాసిన ఉత్తరము, ముద్ర చెదరకుండ ఆ తీగ వెంబడి సాగిపోయినది.