నీళ్ళ తొవ్వ వదిలి కట్టుకున్న ఇల్లు

ఊరి చివర చిన్న తోట, అందులో ఓ పెంకుటిల్లు, ఆదివారం వస్తే పిల్లలతో అక్కడ కాలక్షేపం. ఈ కోరిక లేని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న నాకూ ఉండేది. వంటింటి కిటికీ తీస్తే పక్కింటి గోడ, మేడెక్కితే కోచింగ్ సెంటర్ల బోర్డులు. 2018లో మెట్రో వచ్చాక ఎల్బీనగర్ దగ్గరయింది గానీ, పచ్చదనం మాత్రం మరింత దూరం జరిగింది.

ఎల్బీనగర్ నుంచి ఒక రోడ్డు విజయవాడకి, మరొకటి నాగార్జునసాగర్‌కి పోతాయి కదా. ఆ సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక 2021లో అరెకరం కొన్నాం. మావారి పొదుపుతోపాటు నా రెండు జతల గాజులూ అందులోనే ఉన్నాయి. ఎర్రటి చెల్క నేల. ఆరేడు పెద్ద బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఓ ముసలి వేపచెట్టు. ఉత్తరం పక్కన ఎండాకాలంలో చుక్క నీరు లేని చిన్న పల్లం.

ప్లాను గీసిన ఇంజనీరు బండలు పగలగొట్టించి, పల్లం పూడ్చి, నేలంతా చదును చేయమన్నాడు. చుట్టూ కాంపౌండు గోడ, లోపల లాను, వరసగా షోకు మొక్కలు. కాగితం మీద చూస్తే సినిమా సెట్టింగులా ఉంది, నేనే ముందు మురిసిపోయాను! మా అత్తమ్మ మాత్రం ఆ పల్లం దగ్గరే నిలబడిపోయింది. "నీళ్ళకు తొవ్వ ఇడువాలె బిడ్డా. మనం ఇడువకుంటే అవ్వే జేసుకుంటయి" అంది. పాతకాలపు మాట అని ఎవరం పట్టించుకోలేదు. మర్నాడే జేసీబీ వచ్చి రెండు బండలు, వాటితోపాటు సీతాఫలం చెట్లు పెకిలించేసింది.

ఆ వారమే ఊరి నుంచి మా ఆడపడుచు పిల్లలు వస్తే, వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలికి తీసుకెళ్ళాం. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ పార్కు అయింది. మూడున్నర వేల ఎకరాల పైమాటే. పక్కనే లారీలు పరుగెత్తే హైవే, లోపల కృష్ణజింకలు!

అక్కడ నాకు తట్టిందేమిటంటే, లాను లేదు, చదును లేదు. రాళ్ళు రాళ్ళలాగే, తుమ్మ, రేగు, వేప వాటి చోట అవి ఉన్నాయి. చెట్లు ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదనుకుంటాం మనం. కానీ కృష్ణజింకకు కావలసింది గడ్డి బయలు. దూరం చూడాలి, పరుగెత్తాలి. ఏ నేలకు ఏది తగునో అదే దానికి అందం.

రాత్రి మావారితో మొదలుపెట్టాను. మొదట విసుక్కున్నారు. "అడ్వాన్సు ఇచ్చేశాం కదా" అన్నారు. అప్పుడు 2020 అక్టోబరు 13 రాత్రి గుర్తు చేశాను. నగరానికి తూర్పున కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటిన వాన. సరూర్‌నగర్ చెరువు దిగువనున్న మా వీధిలోకి నీళ్ళు వచ్చి, ఇంట్లో మోకాలి లోతు నిలిచాయి. బియ్యం డబ్బా తేలింది. అత్తమ్మ పెళ్ళి చీర ట్రంకుపెట్టెలోనే కుళ్ళిపోయింది. ఒకప్పుడు నీళ్ళు పోయిన దారుల్లోనే మన కాలనీలు లేచాయి. "ఇక్కడ ఎవరో చేసిన తప్పు, అక్కడ మన చేత్తో మనం చేద్దామా?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. పొద్దున్నే జేసీబీ వాడికి ఫోను చేసి రావద్దన్నారు.

తర్వాత ఓ వానాకాలమంతా ఏమీ కట్టకుండా నేలను చూశాం. నీరెటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో చూసుకుని ఎత్తు మీద ఇల్లు పెట్టుకున్నాం. రెండు గదులు, ముందు వసారా. వేపచెట్టు ఇంటికి పడమట ఉండేలా చూశాం, సాయంత్రపు ఎండ దాని మీదే ఆగిపోతుంది. పెకిలించిన బండలు కొట్టించి పునాదికి వాడాం. కింద షాబాదు బండలు, పైన పెంకులు. గోడకు బదులు రాతి కడీలు పాతి తీగ కట్టాం, నీళ్ళకు అడ్డం లేదు. పల్లం చివర చిన్న కుంట తవ్వించాం. ఆ తడికి అత్తమ్మ గోంగూర, బీరపాదు పెట్టింది.

అయితే ఒక్క మాట దాచను. బండలు తీసేసిన చోట ఇప్పటికీ ప్రతి వానకూ మన్ను కోసుకుపోతోంది. రాళ్ళు పేర్చి కట్టలు వేస్తున్నాం, సీతాఫలం గింజలు నాటాం. అవి కాయడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఒక్కరోజు తొందరకు మేం కడుతున్న వడ్డీ అది.

మీరూ ఎక్కడైనా నాలుగు గుంటలు కొనుక్కుంటే, ప్లాను గీయించే ముందు ఒక్క వానకాలం ఆగండి. గొడుగేసుకుని ఆ నేలంతా నడవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు ఎక్కడ నిలబడిపోతారో, అక్కడ మీరూ కాసేపు నిలబడి చూడండి.