కాజీపేట బాటలో కారు చక్రము

కాజీపేట రైలు కూడలి యని లోకమెఱుగును. హైదరాబాదునుండి కారులో వచ్చువారికి మాత్రము, మడికొండ మెట్టుగుట్ట దాటిన పిమ్మట నెదురగు ఊరది. వేసవి మధ్యాహ్నమున ఆ తారుబాట పెనమువలె కాగుచుండును.

మాది ఒకరు వాడి యమ్మిన కారు. ఊరు చేరగనే యొక చక్రము మెత్తబడెను. పిల్లలను వేపనీడ నిలిపి పంక్చరు పనివానిని పిలిచితిమి. మేకు టైరు నడుమ దిగుటచే నూటయేబది రూపాయలతో పని తీరినది.

“ప్రక్కగోడలో దిగినచో అతుకు నిలువదమ్మా, క్రొత్తదే కొనవలె” నని యతడు, అచ్చటనే యున్న నాలుగంకెలు చూపెను: 1417. అనగా 2017వ సంవత్సరము 14వ వారమున చేసిన టైరు!

చాళ్ళలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. మావి అంతకంటె లోతుగనే యున్నవి. కాని రబ్బరు సన్నగా నెఱ్ఱెలువిచ్చినది. కాగిన బాటపై నట్టిది పగిలినచో బండి యదుపు తప్పును. సోదరీమణులారా, చీర కొనునపుడు అంచు పట్టి చూతుము గదా! పాతకారు బేరములో రంగు, దిండ్లు చూచువారే గాని చక్రమువైపు వంగువారరుదు.

నెఱ్ఱెలున్న రెండింటిని మార్చించితిమి. ఎనిమిదివేల ఆరువందలైనది. హనుమకొండ వేయిస్తంభముల గుడి చేరుసరికి ప్రొద్దు వాలెను.