కోరలున్న బొమ్మలు

హైదరాబాద్ పాతబస్తీలోని ఫలక్‌నుమాలో కొత్త ఇల్లు లేస్తోందంటే ముందుగా కంట్లో పడేది దిష్టిబొమ్మ. గోడలు పూర్తికాక ముందే ఇనుప చువ్వల మధ్య వేలాడుతుంటుంది. నల్లటి మొహం, గుడ్లురిమే కళ్లు, గడ్డం దాకా జారిన ఎర్ర నాలుక, రెండు కోరలు, మెలితిరిగిన మీసం. దారిన పోయేవాళ్ల చూపు ఇంటి మీద కాకుండా తన మీద పడేలా చేసుకోవడమే దాని పని. "సూసేటోళ్ల కన్ను గా బొమ్మకే తాకుతది బిడ్డా, ఇంటికి రాదు" అని బస్తీలో పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు. ఆ మొహానికి రంగు వేసిందెవరో మాత్రం ఎవరూ అడగరు.

ఈ కాలమ్ రచయిత్రి పెరిగింది ఆ బస్తీలోనే, ఇప్పుడు ఉంటున్నది కెనడాలోని వాంకూవర్‌లో. భయపెట్టే రూపాలకు పాతబస్తీలో కొదవ లేదు. 1884లో పని మొదలుపెట్టి నవాబ్ వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌ను పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందని అక్కడి పిల్లలకు ఊహ తెలిసిననాటి నుంచీ తెలుసు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు వెళితే పోతురాజు ఎదురొస్తాడు. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. పిల్లలు తల్లి కొంగు వెనక దాక్కుంటారు, అయినా తొంగిచూడకుండా ఉండలేరు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది ఇంకో రకం భయం. గోథే నాటకం 'ఫౌస్ట్'లోని మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా ఇద్దరినీ ఒకే చెక్కలో వీపుకు వీపు ఆనించి చెక్కారు. ఎదుట నిలబడితే కనిపించేది సైతాను, తల ఎగరేసి, పొగరుగా. వెనకనున్న అద్దంలోకి చూస్తే తల వంచుకుని నిలబడ్డ అమ్మాయి. స్కూలు పిల్లలు బస్సు దిగి వరుసకట్టి వచ్చి చాలాసేపు కదలనిది ఆ బొమ్మ దగ్గరే. అందం, భయం ఒకే దుంగలోంచి వస్తాయన్న సంగతి వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇలా పెరిగిన మనిషికి వాంకూవర్‌లో మరీనా బిచ్‌కోవా బొమ్మలు పరాయివిగా అనిపించలేదు. రష్యాలో పుట్టిన ఈ కళాకారిణి 'ఎన్‌చాంటెడ్ డాల్' పేరుతో పింగాణీ బొమ్మలు చేస్తారు. జానపద కథల రాకుమార్తెలే, కానీ పెళ్లితో సుఖాంతమయ్యే బాపతు కాదు. కళ్లలో నీళ్లు నిలిచి ఉంటాయి. ఒంటి మీద పచ్చబొట్లు, తల మీద మోయలేనంత కిరీటం. అచ్చులో పోసి తీసిన పింగాణీని కాల్చాలి, ఆపైన పల్చటి రంగు పూసి మళ్లీ కాల్చాలి. చెంప ఎరుపు కూడా ఒక్కసారిగా రాదు, పొర మీద పొర పడుతూ వస్తుంది. మోచేయి, మోకాలు, మణికట్టు దగ్గర గుండ్రటి కీళ్లు ఉంటాయి. అందుకే ఆ బొమ్మ తల వాల్చి కూర్చోగలదు, మోకాళ్లు ముడుచుకుని ఏడవగలదు. ఒక్కో బొమ్మ వేల డాలర్లు పలుకుతుంది.

ఆ కీళ్ల కథ చెప్పుకోదగింది. 1933లో, హిట్లర్ గద్దెనెక్కిన ఏడాది, బెర్లిన్‌లో హాన్స్ బెల్మెర్ అనే చిత్రకారుడు కర్ర, ప్లాస్టర్‌లతో ఓ ఆడబొమ్మ చేశాడు. అవయవాలు విడిపోయి, తిరగబడి, చూడ్డానికే ఒళ్లు జలదరించే బొమ్మ. దాని ఫొటోలతో మరుసటి ఏడాది చిన్న పుస్తకం వేశాడు. అయితే బొమ్మ తాను కోరినట్టు కదల్లేదు. ఆ తర్వాత బెర్లిన్ మ్యూజియంలో 16వ శతాబ్దపు చిన్న కొయ్యబొమ్మల జంట ఒకటి చూశాడు. వాటికి గుండ్రటి కీళ్లున్నాయి. అదే పద్ధతి తన రెండో బొమ్మకు తెచ్చుకున్నాడు. 1960ల్లో బెల్మెర్ బొమ్మ ఫొటో జపాన్‌లో ఓ పత్రికలో చూసిన సిమోన్ యోత్సుయా అనే యువకుడు అప్పటిదాకా చేస్తున్న బొమ్మలు మానేసి ఆ దారి పట్టాడు. 1978లో టోక్యోలో బొమ్మల తయారీ నేర్పే బడి కూడా తెరిచాడు. ఇవాళ ప్రపంచమంతటా విషాదం, భయం, మాయ కలగలిసిన బొమ్మలు చేస్తున్న కళాకారుల్లో ఎందరి చేతుల్లోనో ఆ కీలు ఉంది. బెల్మెర్ పేరు, యోత్సుయా పేరు పుస్తకాల్లోకి ఎక్కాయి. 16వ శతాబ్దంలో ఆ కొయ్యబొమ్మల కీళ్లు చెక్కిన వడ్రంగి పేరు ఎక్కలేదు.

మన దగ్గర ఇప్పటికీ జరుగుతున్నది ఇదే.

హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో చేర్యాల. జిల్లాలు విడిపోక ముందు వరంగల్, ఇప్పుడు సిద్దిపేట. అక్కడి నకాశీ కుటుంబాలు కులపురాణాలు చెప్పే కథకుల కోసం పటాలు గీశాయి, బొమ్మలు చేశాయి. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు పటం బదులు బొమ్మలనే జనం ముందు పెట్టి కథ నడిపేవారు. రాత్రంతా సాగే కథలో చావులూ యుద్ధాలూ ఉన్నప్పుడు, దూరాన కూర్చున్నవాడికి కూడా బొమ్మ కళ్లు కనపడాలి. చేర్యాల మొహాల్లో కళ్లు అంత పెద్దవిగా తెరుచుకుని ఉండడం వెనక ఆ అవసరం కూడా ఉందని ఈ రచయిత్రి నమ్మకం.

మాస్కు చేసే తీరు దగ్గర్నుంచి చూడాలి. అడుగున ఉండేది సగం కొబ్బరిచిప్ప. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు తయారవుతుంది. దానిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దను చిప్ప మీద అద్దుతూ ముక్కు లేపుతారు, కనుబొమలు తీరుస్తారు, పెదాలు ఒత్తుతారు. చిప్ప గుండ్రంగా ఉంటుంది కాబట్టి ముక్కు ఎంత లేస్తే మొహం అంత ముందుకు దూసుకొస్తుంది. ఎండాక సుద్ద పూత, ఆ పైన రంగు. ఎర్రటి మొహం మీద నల్లటి మీసం ఒక్క ఊపులో వస్తుంది. కనుగుడ్డు గీత చివర్న పడుతుంది. అంతవరకూ చిప్పగానే ఉన్నది ఆ గీత పడగానే మనల్ని చూడటం మొదలుపెడుతుంది. చెయ్యి కాస్త వణికితే మొహం వెర్రినవ్వు నవ్వుతుంది. అదే గీత నిబ్బరంగా పడితే ఉరుముతుంది. పింగాణీని కొలిమిలో పదేపదే కాల్చే పనికి ఎంత నేర్పు కావాలో ఆ ఒక్క గీతకూ అంతే కావాలి.

దనాలకోట వైకుంఠం లాంటి చేర్యాల కళాకారులకు జాతీయ పురస్కారం దక్కింది. అనంతపురం వైపు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. నిమ్మలకుంట రావణుణ్ణి ఒకసారి చూడాలి. శుభ్రం చేసి పల్చన చేసిన మేకతోలు మీద పది తలలూ బారులు తీరి ఉంటాయి. ఉలులతో కొట్టిన సన్నటి చిల్లుల్లోంచి దీపం వెలుగు దూరుతుంటే కిరీటాలు నిప్పురవ్వల్లా మెరుస్తాయి. చేతులు విడిగా కుట్టి ఉంటాయి గనుక కర్ర కదిపితే కత్తి లేస్తుంది. బెల్మెర్ మ్యూజియంలో వెతుక్కున్న కదలిక మన తెర వెనక తరతరాలుగా ఆడుతోంది. ఆ ఊళ్లో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి దీపాలకు వేసే తోలు తొడుగులు. వాటి మీద నెమళ్లు, పూలు. రాక్షసుడు కావాలని అడిగేవాళ్లు తక్కువ.

ఇందులో కొనేవాళ్ల పాత్ర ఉంది. ప్రవాస తెలుగు ఇళ్లలో చేర్యాల మాస్కు కనిపిస్తే సాధారణంగా జంటగా, ముద్దుగా, గోడకు అలంకారంగా ఉంటుంది. ఏ ఊరిదో చెబుతారు గానీ ఎవరు చేశారంటే తెలియదు. అదే ఇంట్లో పిల్లలు కొనిపించుకున్న విదేశీ ఆర్ట్ డాల్ ఉంటే దాని పెట్టెలో కళాకారుడి సంతకం, వరుస సంఖ్య, ధ్రువపత్రం అన్నీ భద్రంగా ఉంటాయి. అమెరికాలో బొమ్మల కళాకారులు 1963లోనే తమకంటూ ఒక జాతీయ సంస్థ పెట్టుకున్నారు. బొమ్మ కూడా శిల్పమేనని, చేసినవాళ్లు కళాకారులేనని పట్టుబట్టారు. 1982లో వచ్చిన 'డార్క్ క్రిస్టల్' సినిమాకు బొమ్మలు చేసిన వెండీ ఫ్రౌడ్ పేరు అభిమానులకు కంఠతా వచ్చు. నకాశీ పనిని మనం హస్తకళ అనే ఒకే గంపలోకి ఎత్తి, ఊరి పేరు రాసి సరిపెట్టేశాం. చేర్యాల పనికి దక్కిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఊరికి మేలు చేసింది, సందేహం లేదు. అయితే ఆ గీత గీసిన చేతికి విడిగా రావలసిన గుర్తింపు ఇంకా బాకీ ఉంది.

వాంకూవర్‌లో, డల్లాస్‌లో, లండన్‌లో తెలుగు సంఘాల పండగలకు హస్తకళల బల్ల తప్పకుండా వేస్తారు. ఈ ఏడు ఆ బల్ల మీద ప్రతి బొమ్మ పక్కనా చేసిన మనిషి పేరు, ఊరు, చేసిన సంవత్సరం రాసి పెట్టమని నిర్వాహకులను అడగవచ్చు. చేర్యాలకో నిమ్మలకుంటకో ఫోన్ చేసినప్పుడు నెమలికి బదులు రావణుణ్ణి చేసివ్వమని, వెనక సంతకం పెట్టమని, ఆ పనికి తగ్గ ధర వాళ్లనే చెప్పమని అడగవచ్చు. ఫలక్‌నుమాలో దిష్టిబొమ్మలకు రంగులేసే వాళ్ల దగ్గరికి వెళ్లినా అడగాల్సింది ఇదే.