ఊరికే వెళ్ళొచ్చాం

ఆడవాళ్ళు ఊరికే ఎక్కడికీ వెళ్ళరు, గమనించారా? పెళ్ళికి వెళతారు, పురుటికి వెళతారు, చావుకి వెళతారు. మొక్కు తీర్చుకోవడానికి వెళతారు, ఆస్పత్రికి వెళతారు. మగవాళ్ళు "అట్లా పోయొస్తా" అని చెప్పులేసుకుంటే ఎందుకని అడిగేవాళ్ళుండరు. మనం గుమ్మం దాటితే మాత్రం ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు, చివరికి బస్సులో పక్కన కూర్చున్నావిడ కూడా "ఏం పనిమీద?" అంటుంది. అడిగించుకోవడం మనకీ అలవాటైపోయి, ఇల్లు కదిలే ముందే ఒక జవాబు తయారుచేసి పెట్టుకుంటాం.

మాది శివ్వంపేట. తూప్రాన్‌కీ నర్సాపూర్‌కీ మధ్యలో ఉంటుంది. సంగారెడ్డి నుంచి జోగిపేట పోయే దారిలో, మంజీరా ఒడ్డున ఇంకో శివ్వంపేట ఉంది. దూరపు చుట్టాలు కొందరు ఇప్పటికీ మాది ఆ ఊరే అనుకుని శుభలేఖలు అటు పంపిస్తుంటారు! వెనకటికి మా జిల్లా పేరు మెదక్ అయినా ఆఫీసులన్నీ సంగారెడ్డిలో ఉండేవి. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక మెదక్ పట్టణమే జిల్లా కేంద్రమయింది. దాంతో మా ఇంట్లో మగవాళ్ళు కాగితాల పనిమీద నెలకోసారైనా మెదక్ వెళ్ళొస్తున్నారు. మాకేమో మెదక్ అంటే క్యాలెండరు మీది చర్చి బొమ్మ, అంతే.

మా అత్తమ్మకి డెబ్బై దాటాయి. ఈ ఊరికి కోడలై వచ్చి యాభై ఏళ్ళ పైమాటే. ఏడుపాయల దుర్గమ్మని రెండుసార్లు చూసింది, సికింద్లాపూర్ నర్సింహస్వామి దగ్గరికైతే లెక్కలేనన్నిసార్లు వెళ్ళింది. మెదక్ చర్చి మాత్రం చూడలేదు. ఎందుకు చూడలేదంటే, దానికి మొక్కుకోలేదు కనక! మొక్కుంటే బండి కట్టేవాళ్ళు. "గంత పెద్దగున్నదంట, ఎట్లుంటదో సూడాలె" అంటే బండి ఎవరు కడతారు?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తాడు. తమిళనాడులో 2021లోనే మొదలైంది, కర్ణాటకలో మనకంటే ఆరు నెలల ముందు, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి. అయితే మీతో ఒక మాట చెప్పాలి. టికెట్ పోయినంత మాత్రాన మేమేమీ మర్నాడే బయలుదేరలేదు. ఏడాది దాటిపోయింది. ఇదివరకు "ముగ్గురికి రానుపోను చార్జీలంటే సగం గ్యాసు బండ" అని లెక్క చెప్పుకుని ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ లెక్క లేదు. కానీ "ఏం పనిమీద?" ఉంది కదా! దానికే జవాబు దొరకలేదు.

చివరికి తూప్రాన్ నుంచి మా ఆడబిడ్డ వచ్చినప్పుడు ఆమే తెగించింది. "అమ్మా, రేపు మెదక్ పోదాం." అత్తమ్మ ఒక్క క్షణం నావైపు చూసింది. "పోదాం తియ్ బిడ్డా. మోకాళ్ళు మంచిగున్నప్పుడే పోవాలె" అంది. మావారు యథాప్రకారం అడిగారు. వదినె "ఊకెనే" అంది. ఆయనకి అర్థం కాలేదు. "డాక్టరుకు చూపెడతరా?" అన్నారు. "నాకేమైందిరా డాక్టరుకు!" అని అత్తమ్మ కోప్పడింది.

ప్రయాణమంటే మొదట సద్ది సంగతి చూడాలి కదా. పొద్దున నాలుగింటికే లేచి పులిహోర కలిపాను. ఎండాకాలం కాకపోయినా ఒక జాగ్రత్త చెబుతాను, చెయ్యి తిరిగినవాళ్ళు నవ్వుకోకండి. చింతపండు పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకనివ్వాలి. అన్నం వెడల్పాటి తాంబాళంలో ఆరబోసి, పసుపూ కాస్త నూనె చల్లి పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి. మేము పైన వేయించిన నువ్వుల పొడి కూడా వేస్తాం. వేడిమీద మూత పెట్టారో, మధ్యాహ్నానికి చెమట పట్టి వాసనొస్తుంది. డబ్బాలో అడుగున విస్తరాకు వేస్తే ఇంకా మంచిది. నంజుకోడానికి సకినాలు, మామిడికాయ తొక్కు.

నర్సాపూర్‌లో దిగి మెదక్ బస్సు ఎక్కాలి. ఎక్కాలి అని రాయడం తేలికే. బస్సు రాకముందే ఇరవై మంది ఆడవాళ్ళం నిలబడి ఉన్నాం. బస్సు ఉచితమయ్యాక సీటు దొరకడం కష్టమైందన్నది అబద్ధం కాదు. వెనక నుంచి ఒకాయన "ఇంట్ల పనిలేక తిరుగుతున్నరు" అని గట్టిగానే గొణిగాడు. మా ఊరి ఆటో అబ్బాయి మొహం నాకు అప్పుడు గుర్తొచ్చింది. అతను మాత్రం ఎప్పుడూ అలా అనలేదు గానీ, "మీరందరు బస్సెక్కితే నా కిస్తు ఎట్లక్కా" అని ఒకసారి అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మా ముగ్గురి సంతోషం వెనక అతని ఖాళీ ఆటో ఉందన్న మాట దాచిపెట్టలేను. వెనకాయన గొణుగుడికి మాత్రం అత్తమ్మే జవాబు చెప్పింది. "ఔ నాయనా, యాభై ఏండ్లు పనే చేసిన." ఒక పిల్ల నవ్వుతూ లేచి ఆమెకి సీటిచ్చింది.

నర్సాపూర్ నుంచి మెదక్ నలభై కిలోమీటర్ల పైనే. కౌడిపల్లి దాటాక కొల్చారం వస్తుంది. అక్కడ పాతకాలపు పార్శ్వనాథుడి విగ్రహమున్న జైన మందిరం ఉంది, ఎక్కడెక్కడి నుంచో జైనులు వస్తుంటారు. దాని ముందు నుంచే బస్సు పోతుంది, మనం తలతిప్పి చూస్తే చూసినట్టు. పోతంశెట్టిపల్లి చౌరస్తా రాగానే అత్తమ్మ కూర్చున్నచోటు నుంచే దండం పెట్టింది. ఏడుపాయలకి అటే దారి. మంజీరా ఏడు పాయలుగా చీలేచోట అమ్మవారి గుడి. ఎగువన సింగూరు గేట్లు ఎత్తిన రోజుల్లో గుడి ముందుకి నీళ్ళు వచ్చేస్తాయి, అప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో పెట్టి పూజలు చేస్తారు. వానాకాలంలో వెళ్ళేవాళ్ళు కనుక్కుని బయలుదేరండి.

మెదక్ ఇంకా దూరంగా ఉండగానే చర్చి గోపురం కనబడింది. 175 అడుగుల ఎత్తట. దగ్గరికి వెళ్ళాక మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించాడు, పదేళ్ళు పట్టింది, 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. అంటే 2024కి నూరేళ్ళు నిండాయి. లోపల ఒకేసారి ఐదు వేలమంది పడతారంటారు. కిటికీలకి రంగుటద్దాలతో ఏసుక్రీస్తు పుట్టుక, శిలువ, స్వర్గారోహణం బొమ్మలు. ఎండ తగిలితేనే ఆ రంగులు వెలుగుతాయి. రాత్రయితే లోపలివాళ్ళకి ఏమీ కనబడదు. అందుకని పగలే వెళ్ళాలి.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవి గొప్పగా చెబుతున్నాను. అత్తమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. కరువు కాలంలో జనానికి అన్నం పెట్టాలని పని కల్పించి ఈ చర్చి కట్టించారు అన్నాక మాత్రం ఆగిపోయింది. "కరువు పనా?" అంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట కరువు పనిలో చెరువు కట్ట మీద మట్టి మోసింది. "మట్టి తట్ట అయినా రాయి తట్ట అయినా బరువు గంతనే ఉంటది" అని గోడని చేత్తో తడిమి చూసింది. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో! ఒక పక్కగా కూర్చుని చాలాసేపు లేవలేదు. కిటికీ రంగులు నేలమీద పడుతుంటే చూస్తూ ఉండిపోయింది. నేనూ వదినె రెండుసార్లు పిలిచాం. "జర్ర ఆగుండ్రి. ఇంటికాడ ఎవరన్న ఏడుస్తున్నరా?" అంది. ఇంట్లో పసిపిల్లలు లేరు, నిజమే. మూడింటి బస్సు అందుకోవాలన్న తొందర మాకే గానీ ఆమెకి లేదు.

చెట్టు కింద పులిహోర తిన్నాం. తర్వాత రాందాస్ చౌరస్తా దగ్గర మట్టి గాజులు కొన్నాం. బేరం అత్తమ్మే చేసింది, డబ్బులూ ఆమే ఇచ్చింది, పింఛనులోంచి. నాకూ వదినెకీ చెరో డజను. తనకి ఒక ముఖమల్ జేబుసంచీ.

మెదక్‌కి 2022 సెప్టెంబరులో రైలు వచ్చింది. అక్కన్నపేట మీదుగా కాచిగూడ దాకా వెళుతుంది. వదినెకి ఇప్పుడు ఆ రైలెక్కాలని ఉంది. దానికి టికెట్ కొనాల్సిందే, చూద్దాం. అత్తమ్మ మనసు పోచారం మీద పడింది. 1922లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మెదక్‌కి దగ్గరే, నిండితే నీళ్ళు కట్ట మీంచి తెల్లగా దూకుతాయి. అలుగు పారుతోందని పేపర్లో రాగానే చెప్పమని మా అబ్బాయికి రోజూ గుర్తుచేస్తోంది. ఆధార్ కార్డు బీరువాలో పెడతానంటే ఇవ్వలేదు. కొత్త జేబుసంచీలో వేసి దిండు కింద పెట్టుకుంది.