విత్తనం తీశాకే తిండి

"కొండోళ్లకు ఈ పూట తిండి ఉంటే చాలు, రేపటి ఆలోచన ఉండదు." హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న ఇప్పుడు కూడా అప్పుడప్పుడు వినబడుతూనే ఉంది. మన పిల్లలు కొందరు అది నిజమేనని నమ్మడం మొదలుపెట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీలో ఒక కొండవాలు గ్రామం. పోడు పంట నూర్చగానే మా అవ్వ చేసే మొదటి పని విత్తనం తీయడం. గింజ బాగా పట్టిన వెన్నులను కోతకు ముందే చూసి పెట్టుకునేది. ఆ గింజలను ఎండబెట్టి, బూడిద కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి, మూతి బిగించి పొయ్యి పైన వేలాడదీసేది. పొగ తగిలితే పురుగు పట్టదు. చోళ్లకు ఒక బుర్ర, సామలకు ఒకటి, కందులకు ఒకటి. విత్తుల కాలం రాకముందే తిండిగింజలు అయిపోయిన ఏడాది కూడా ఉంది. అప్పుడు దాచిన మామిడి టెంకల పిండితో అంబలి కాచుకున్నాం, అడవి దుంపలు ఉడకబెట్టుకున్నాం. బుర్రల మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయలేదు. రేపటి ఆలోచన అంటే ఇంతకంటే ఏముంటుంది?

దుంప తవ్వడంలోనూ ఒక పద్ధతి ఉంది. తీగ ఉన్న తలభాగాన్ని మళ్లీ గుంటలోనే పెట్టి మట్టి కప్పాలి. మళ్లీ వానలకు అది చిగురిస్తుంది. కొత్తల పండుగలు కూడా అలాంటివే. మామిడి కొత్త కాకుండా మామిడికాయ తినరు, కంది కొత్త కాకుండా కందులు వండరు. టెంక ముదరని కాయను ఎవరూ తొందరపడి రాల్చకుండా, ఊరంతా ఒకేసారి తినేలా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

కష్టం కూడా కలిసే చేసేవాళ్లం. ఈ రోజు మా పోడులో పది మంది కలుపు తీస్తే, రేపు మేం వాళ్ల పోడుకు వెళ్లాలి. కూలి డబ్బులు లేవు, మధ్యాహ్నం అందరికీ అంబలి. మంచం పట్టినవాడి పోడు కూడా బీడు పడకుండా ఉండేది.

మరి ఇంత జాగ్రత్త గల మనవాళ్లు అప్పుల్లో ఎందుకు మునిగారు? గింజ లెక్క మనకు తెలుసు, షావుకారు పుస్తకంలోని లెక్క తెలియదు. సంతలో ఉప్పుకు, గుడ్డకు చేసిన చిన్న అప్పు వడ్డీతో పెరిగి భూమి దాకా వచ్చేది. ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీ అసలును మించకూడదని 1917లోనే చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆ దోపిడీ ఎంతటిదో ఊహించండి. భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో 1/70 చట్టం వచ్చింది. మన పేదరికానికి సోమరితనమే కారణమని ఎవరైనా అంటే, పిల్లలకు ఈ చరిత్ర చెప్పండి.

ఇప్పుడు మన ఇళ్లకు డబ్బు వస్తోంది. కాఫీ, మిరియాల డబ్బు ఏడాదికి ఒకసారి, ఒక్కసారిగా చేతికి వస్తుంది. ఆ నెలలోనే ఊళ్లోకి ఫైనాన్స్ బండ్లు, కొత్త ఫోన్లు వస్తాయి. వర్షాకాలానికి వాయిదాలు మిగులుతాయి, పిల్లల ఫీజుకు చేతిలో పైసా ఉండదు. బండి కొనవద్దని నేను అనను. మా కొండ మీద జ్వరం వచ్చినవాణ్ని ఆసుపత్రికి చేర్చేది ఆ బండే. కానీ కొనేముందు విత్తనం తీసి పక్కన పెట్టామా అని ఒకసారి చూసుకోవాలి. వచ్చే ఏడాది తోటకు అయ్యే ఖర్చు, చదువు ఖర్చు, జబ్బు ఖర్చు: డబ్బులో ఇవే మన విత్తనాలు. వాటిని ముందుగా పొదుపు సంఘంలోనో బ్యాంకులోనో వేసి, మిగిలినదానితో సంతకు వెళ్దాం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. లెక్కల పాఠంలో వడ్డీ వచ్చినప్పుడు, పిల్లల్ని వాళ్ల అవ్వల దగ్గరికి పంపండి. ఎన్ని కుంచాలు పండితే ఎంత విత్తనం తీసేవారో అడిగి రమ్మనండి. ఆ అంకెలు నల్లబల్ల మీద రాసి పాఠం మొదలుపెట్టండి. తమ ఇంట్లో లెక్క తెలిసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారని పిల్లలకు తెలియాలి.