ఆ ఒక్క మాట కోసం...

1983 ఏప్రిల్. న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియా వెళ్లే బస్సులో ఓ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. నాలుగు రోజుల ప్రయాణం. అతని తాగుడూ గొడవలూ భరించలేక తోటివాళ్లు బ్యాండ్‌లోంచి తీసేశారు. పొద్దున్నే నిద్రలేపి, టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. ఆ కుర్రాడు డేవ్ మస్టేన్. ఆ బ్యాండ్... మెటాలికా!

ఇల్లు చేరాక మస్టేన్ 'మెగాడెత్' పేరుతో సొంత బ్యాండ్ పెట్టాడు. వాళ్లకంటే వేగంగా, వాళ్లకంటే గట్టిగా వాయించాలన్నదే పంతం. ఆ రకం సంగీతాన్ని థ్రాష్ మెటల్ అంటారు. రైలింజన్‌లా దూసుకెళ్లే గిటార్లు, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్స్, కోపంతో ఊగిపోయే గొంతు. పంతం ఫలించింది. 1992లో మెగాడెత్ ఆల్బమ్ అమెరికా చార్టుల్లో రెండో స్థానానికి ఎక్కింది. ఇంకొకరైతే పండగ చేసుకునేవారే. కానీ అంతకుముందు ఏడాదే మెటాలికా ఆల్బమ్ మొదటి స్థానం కొట్టింది. అందులోని 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' అనే నెమ్మది పాటైతే, మెటల్ అంటే చెవులు మూసుకునేవాళ్ల ఇళ్లలోకీ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఓ ఇంటర్వ్యూలో మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిచ్, డేవ్ ఇంకొంచెం రిస్కు తీసుకుంటే బాగుంటుందన్న అర్థంలో ఏదో అన్నాడు. ఆ మాట మస్టేన్ మనసులో నాటుకుపోయింది. తర్వాతి ఆల్బమ్‌కి పేరే పెట్టేశాడు... 'రిస్క్' అని!

కంట్రీ సంగీతానికి పుట్టిల్లయిన నాష్‌విల్‌లో రికార్డింగ్. ప్రొడ్యూసర్ డాన్ హఫ్. మేనేజర్ బడ్ ప్రేగర్ అంతకుముందు ఫారినర్ బ్యాండ్‌ని నడిపినవాడు. రేడియో నాడి తెలిసినవాడు. కొన్ని పాటల రచనలో ఆయన పేరూ చేరింది. గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్‌కి పాప్ అంటే మక్కువ. ఇంకేం... వేగం తగ్గింది. 'ఐల్ బీ దేర్', 'టైమ్: ద బిగినింగ్' లాంటి మెత్తని పాటలు పుట్టాయి.

1999 ఆగస్టులో ఆల్బమ్ వచ్చింది. పాత అభిమానులు ముఖం తిప్పుకున్నారు. కొత్తవాళ్లు వచ్చి ఆ ఖాళీ నింపలేదు. 1992లో రెండు, 1994లో నాలుగు, 1997లో పది... ఈసారి పదహారో స్థానం. మరుసటి ఏడాది మొదట్లోనే ఫ్రీడ్‌మన్ బ్యాండ్ వదిలేశాడు. అట్టమీద ఇంకో బ్యాండ్ పేరుంటే ఆ ఆల్బమ్ బాగా అమ్ముడయ్యేదన్నాడు మస్టేన్ తర్వాత.

నిజమేనా? తప్పు పేరుదేనా?

మస్టేన్‌కి మెత్తని పాట చేతకాదనుకుంటే పొరపాటు. 1994లో అతను 'ఎ తూ ల మోంద్' పాట రాశాడు. చనిపోయిన తల్లి కలలోకి వచ్చి, నువ్వంటే నాకు ప్రేమరా అని చెప్పి వెళ్లిందట. ఆ కలలోంచి వచ్చిన పాట అది. అభిమానులు దాన్ని గుండెల్లో పెట్టుకున్నారు. బ్యాండూ అదే, గొంతూ అదే. అంతెందుకు, 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' పుట్టుకా అలాంటిదే. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని స్నేహితురాలితో మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే మొదలైందది. బ్యాండ్ కోసం అనుకున్నది కూడా కాదు.

ఒకటి అమ్మ కోసం. ఒకటి ప్రేయసి కోసం. మరి 'రిస్క్'లోని పాటలు ఎవరికోసం? పదహారేళ్ల కిందట బస్సెక్కించి పంపినవాళ్లు ఒక్కసారి 'భేష్' అనడం కోసం! వినేవాళ్లకి ఈ కథంతా తెలియకపోవచ్చు. కానీ పాట తమవైపు కాకుండా ఇంకెటో చూస్తోందని మాత్రం ఇట్టే పసిగట్టేస్తారు.

2001 నాటి ఆల్బమ్‌తో మస్టేన్ మళ్లీ బరువైన బాణీకే మళ్లాడు. 2017లో 'డిస్టోపియా' పాటకి మెగాడెత్ తొలి గ్రామీ అందుకుంది. అది మెత్తని పాట కాదు... అసలైన థ్రాష్! అవార్డు కోసం అతను వేదికెక్కుతుంటే అక్కడి వాద్యబృందం ఓ బాణీ అందుకుంది. మెగాడెత్‌ది కాదు... మెటాలికాది!

ఆ పాట మోగుతుండగానే మస్టేన్ వెళ్లి తన బహుమతి తాను తీసుకున్నాడు.