బెంచ్ మీద ఉన్నప్పుడు

సాఫ్ట్‌వేర్‌లో ‘బెంచ్’ అంటే ఏంటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. జీతం వస్తుంది, పని ఉండదు. మొదటి వారం హాయిగా ఉంటుంది. మూడో వారం నుంచి హెచ్ఆర్ మెయిల్ కనిపిస్తే చాలు, గుండె ఝల్లుమంటుంది. 2023 మొదట్లో రెండున్నర నెలలు అలా ఉన్నా. ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కడం, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగడం, గచ్చిబౌలి ఆఫీసులో కాఫీ తాగుతూ లింక్డ్‌ఇన్ చూస్తూ కూర్చోవడం. సాయంత్రం అలసిపోయినట్టు మొహం పెట్టుకుని ఇంటికి రావడం.

నిజానికి బెంచ్ అనే మాట నాకు ఆఫీసు కంటే ముందు ఫుట్‌బాల్‌లోనే పరిచయం. 2012 మే 13, ఆదివారం రాత్రి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పెద్దనాన్న కొడుకు కోచింగ్ కోసం ఉంటున్న హాస్టల్లో టీవీ ముందు కూర్చున్నా. గెలిస్తే కప్పు మాంచెస్టర్ సిటీది, లేకపోతే యునైటెడ్‌ది. 90 నిమిషాలు అయ్యేసరికి సిటీ 1-2తో వెనక. అదనపు సమయంలో జెకో స్కోరు సమం చేశాడు. 93 నిమిషాల 20 సెకన్లకు అర్జెంటీనా కుర్రాడు సెర్గియో అగ్వేరో కొట్టాడు చూడండి గోల్! సిటీకి 44 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్. ఆ రాత్రి నుంచి నేను అగ్వేరో మనిషిని.

పదిహేనేళ్లకే అర్జెంటీనా టాప్ డివిజన్‌లో ఆడి మారడోనా పేరున్న రికార్డు చెరిపేసినవాడు. సిటీకి మొత్తం 260 గోల్స్ చేశాడు. అలాంటోడు కూడా 2020-21లో మోకాలి సమస్య, కోవిడ్‌తో చాలా మ్యాచ్‌లు బయటే కూర్చున్నాడు. లీగ్‌లో సిటీ తరఫున చివరి మ్యాచ్‌కీ బెంచ్ మీదే ఉన్నాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఎవర్టన్ మీద రెండు గోల్స్ కొట్టాడు. తర్వాత బార్సిలోనాకు వెళ్లాడు గానీ, గుండె లయలో తేడా వచ్చి ఆ డిసెంబర్లోనే ఆట మానేశాడు. అప్పటికి వయసు 33.

ఇంత కథ తెలిసిన నాకు, నా ఆఫీసుకి కూతవేటు దూరంలో ఇంకో దక్షిణ అమెరికావాడు ఆడుతున్నాడన్న ధ్యాసే లేదు.

పేరు జోవా విక్టర్. బ్రెజిల్. స్పెయిన్‌లో, గ్రీస్‌లో ఆడి 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ముందుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో సమం చేశాం. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో గెలిచి కప్పు పట్టుకున్న కెప్టెన్ ఈ విక్టరే. విచిత్రం ఏంటంటే, కోవిడ్ వల్ల ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే. హైదరాబాద్ జట్టు చాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు!

మరుసటి సీజన్లో జట్టు గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి వచ్చింది. ఓ సాయంత్రం తొందరగా ఇంటికెళితే నాన్న అడుగుతాడని భయపడి, టికెట్ కొనుక్కుని లోపలికెళ్లా.

స్టాండ్స్‌లో అరుపులన్నీ గోల్స్ కొట్టే ఒగ్బెచే కోసం. నా కళ్లు మాత్రం విక్టర్ మీద పడ్డాయి. 34 ఏళ్లు. డిఫెండర్లకు కాస్త ముందు నిలబడతాడు. అవతలివాడి పాస్ మధ్యలో అందుకుంటాడు, పక్కవాడికి ఇస్తాడు, చేత్తో ‘నువ్వు అటు వెళ్లు’ అని చూపిస్తాడు. మళ్లీ తన చోటికి. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ పని. సరిగ్గా నడిచినన్నాళ్లూ ఎవరూ చూడరు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. ఇక్కడికొచ్చి ఇంత ఓపిగ్గా పనిచేస్తున్నాడు. నేనేమో నా సొంత ఇంట్లో దొంగలా తిరుగుతున్నా.

ఇంటికెళ్లేసరికి పదిన్నర. గొంతు బొంగురుపోయింది. ‘‘ఏందిరా, ఆఫీసుల లొల్లి పెట్టుకున్నవా?’’ అన్నాడు నాన్న. మ్యాచ్‌కెళ్లానని, బ్రెజిల్ కెప్టెన్ ఉన్నాడని చెబుతూ చెబుతూ బెంచ్ సంగతి కూడా కక్కేశా.

నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తా. 2021లో ఆ మార్కెట్‌ని మూసేసి బాటసింగారానికి మార్చారు. పాతికేళ్ల చోటు పోయింది. ఇప్పుడు చీకటితోనే లేచి బస్సులో అంత దూరం వెళ్తాడు.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, ‘‘మార్కెట్ మూసిన్నాడు నేను గూడ డబ్బా పట్టుకొని పొద్దుగాల్నే పోలేదా? కొత్తపేట బస్టాపుల కూసుంటుంటి. మీ అమ్మకు ఇప్పటిదాంక తెల్వదు’’ అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ గొంతు: ‘‘నాకు అప్పుడే ఎరుక. డబ్బా ఖాళీగ వస్తుండె గని, అంగీకి పండ్ల వాసన లేకుండె.’’

ముగ్గురం నవ్వాం. నెలన్నర తర్వాత ఆ రాత్రే కడుపునిండా తిన్నా.

ఇంకో రెండు వారాలకు ప్రాజెక్టు వచ్చింది. సపోర్ట్ పని, ఎవరికీ కనపడదు. ఫర్లేదు. జట్టుకే బాగా జరగలేదు. డబ్బు కష్టాల్లో పడి 2023-24లో ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. విదేశీ ఆటగాళ్లు చాలామంది మధ్యలోనే వెళ్లిపోయారు. 2025లో జట్టే ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మార్చుకుంది. అగ్వేరో విగ్రహం సిటీ స్టేడియం బయట ఉంది, ఆ గోల్‌కి సరిగ్గా పదేళ్లు నిండిన రోజున పెట్టారు. గచ్చిబౌలిలో విక్టర్ గుర్తు ఒక్కటీ లేదు. మన ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఒక్క మ్యాచే. ఇంకో నాలుగు చూసి ఉండాల్సింది అనిపిస్తుంది.

మొన్న అన్నం తింటూ నాన్న అడిగాడు, ‘‘మీ బ్రెజిలోడు ఎట్లున్నడురా?’’

‘‘ఇక్కడ లేడు నాన్నా. జట్టు కూడా లేదు, ఢిల్లీకి పోయింది.’’

‘‘మన మార్కెట్ లెక్క’’ అని, పెరుగు గిన్నె నా వైపు జరిపాడు.